పెళ్ళిసారెలో వచ్చిన టేకు సామాను: రంగు గీకించాలా, ఉంచాలా?

రాజోలు_రైటర్ | ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. మాది రాజోలు పక్కన పల్లెటూరు. పాత పెంకుటిల్లు విప్పి డాబా వేస్తున్నాం. ఇల్లు ఖాళీ చేస్తుంటే 1957లో నాన్నమ్మ పెళ్ళికి సారెగా వచ్చిన సామానంతా ఒకచోట చేరింది. సొరుగుల రాత బల్ల, గాజు తలుపుల బీరువా, చేతులున్న కుర్చీలు రెండు, ఒక పడక కుర్చీ.

ఇప్పుడు వాటి పరిస్థితి ఇదీ. బీరువాకి ఎవరో కాఫీపొడి రంగు ఎనామిల్ పెయింటు కొట్టించారు. రాత బల్ల పైన సన్‌మైకా అంటించారు. ఒక కుర్చీకి బెత్తం అల్లిక తెగిపోతే ఆకుపచ్చ ప్లాస్టిక్ వైరు అల్లించారు. రెండో కుర్చీ మాత్రం అలాగే ఉంది, బెత్తం మధ్యలో జారింది. బీరువా కోళ్ళు (కాళ్ళు) అడుగున జానెడు మేర నల్లగా ఉన్నాయి.

మేస్త్రీ వచ్చి చూసి, "మిషన్ పెట్టి మొత్తం గీకేసి మెలమైన్ పాలిష్ కొట్టేద్దామండీ, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు. అన్నయ్య రాత బల్లని హైదరాబాద్ ఫ్లాటుకి పట్టుకెళ్తానంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న చిన్నాన్న కొడుక్కి కుర్చీ కావాలట. నాకైతే ఎక్కడ మొదలెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ఉలి_బాడిస | ఆదివారం మధ్యాహ్నం

ముందు ఆ మిషన్‌ని ఇంట్లోకి రానివ్వకండి. మిగతావన్నీ తర్వాత.

ఎందుకంటే 50ల నాటికే మనవైపు కొన్ని బీరువాల తలుపులకి ప్లైవుడ్ మీద పల్చటి టేకు పొర అంటించడం వచ్చేసింది. ఆ పొర మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. శాండర్ (ఆ గీకే మిషన్) ఒక్కసారి ఆగి తిరిగిందంటే పొర లేచిపోయి కింద ప్లై కనబడుతుంది, దాన్ని ఏ పాలిషూ కప్పలేదు. తలుపు అంచు చూడండి. పైనున్న చార అంచు మీదుగా కిందకి దిగితే అది గట్టి చెక్క. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై.

రెండోది, ఇప్పుడు చెక్క మీద ఏముందో తెలుసుకోవాలి. పెయింటు పడని చోటు ఎక్కడో ఉంటుంది. సొరుగు ముఖం లోపలి అంచో, కుర్చీ చేతి అడుగో. పాలిష్ స్పిరిట్‌లో దూది ముంచి అక్కడ పెట్టి అర నిమిషం ఆగండి. వేలికి జిగురుగా తగిలి దూదికి ఎర్రగా అంటితే అది లక్క, అంటే స్పిరిట్ పాలిష్. స్పిరిట్‌కి కదలకుండా థిన్నర్‌కి కరిగితే స్ప్రే చేసిన లక్కర్. రెండింటికీ కదలకపోతే వార్నిష్షో, ఇంకా కొత్తదేదో. 1957 అంటున్నారు కాబట్టి లక్క అనే నా అనుమానం.

లక్క అయితే మీ అదృష్టం. దాన్ని గీకక్కర్లేదు. కొత్త లక్క పూత పాతదాన్ని కొంచెం కరిగించుకుని అందులో కలిసిపోతుంది. నల్లబడ్డ పాత పాలిష్‌ని స్పిరిట్‌తోనే కొంచెం కదిపి సర్దేయొచ్చు.

ఫోటోలు పెట్టండి. బల్ల అడుగు, సొరుగు వెనక, బీరువా వీపు. ముఖం ఫోటో అక్కర్లేదు, అడుగులే అసలు సంగతి చెప్తాయి.

మండపేట_బావ | ఆదివారం సాయంత్రం

ఉలి గారు చెప్పింది వినడానికి బాగుంది. కానీ కోనసీమలో ఎనిమిది నెలలు గాలిలో తడే. లక్క పాలిష్ మీద చెంబు పెడితే తెల్ల రింగు, టీ గ్లాసు పెడితే తెల్ల రింగు. ఏటేటా ఎవరు కొడతారు? మెలమైన్ గాని పీయూ (పాలీయురిథేన్) గాని ఒకసారి వేయించి వదిలేస్తే పదేళ్ళు చూడక్కర్లేదు. మా ఇంట్లో డైనింగ్ టేబుల్‌కి పీయూ వేయించాం, పప్పుచారు ఒలికినా తుడిస్తే పోతుంది. మేస్త్రీని మరీ విలన్ చేయకండి.

యానాం_వాసి | ఆదివారం సాయంత్రం

ఈ లక్క పాలిష్‌నే ఫ్రెంచ్ పాలిష్ అంటారు, దాని గురించి మా ఊరివాళ్ళని అడగండి, 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కిందే ఉన్నాం :) జోక్ చేశాను లెండి. లక్క ఒక పురుగు నుంచి వచ్చేది, మన దేశంలో పండేదే, ఎక్కువ భాగం జార్ఖండ్ నుంచి వస్తుంది. పురుగు ఇక్కడిది, పేరు మాత్రం వాళ్ళది.

లంక_మాస్టారు | ఆదివారం రాత్రి

బీరువా కోళ్ళు జానెడు మేర నల్లగా ఉన్నాయన్నారు. అది వరద గుర్తు అయి ఉంటుంది బాబూ. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చాయి. మా లంకల్లో ఇళ్ళలోకి వచ్చిన నీరు చాలా రోజులు తీయలేదు. మంచాలూ బీరువాలూ ఇటుకలు పేర్చి పైకెత్తినా కోళ్ళు నానిపోయాయి. కోడు అడుగున చెక్క నరాలు నిలువునా తెగి ఉంటాయి కాబట్టి నీటిని అక్కడినుంచే పీలుస్తుంది. పక్కల నుంచి అంతగా పీల్చదు. అందుకే నలుపు కింద ముదురుగా ఉండి పైకి వెళ్ళేకొద్దీ పల్చబడుతుంది. మీవాటిని చూడండి, అలాగే ఉందా?

ఇంకో మాట. ఊళ్ళో ఎవరిని అడిగినా "రంగం టేకండీ" అంటారు. రంగూన్ పోయి వచ్చిన కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి, ఆ మోజు అక్కడిది. కానీ భద్రాచలం ఏజెన్సీ నుంచి దుంగలు తెప్పలు కట్టి గోదారి మీద రాజమండ్రి దాకా తెచ్చేవారు. 1957 సారె సామాను ఆ టేకుతో చేసినదైనా వింత లేదు. కళ్ళతో చూసి ఇది బర్మాది, ఇది మనదని తేల్చేవాడిని నేనైతే చూడలేదు. రెండూ టేకే. ధర పెంచడానికి తప్ప ఆ మాటతో పనిలేదు.

రాజోలు_రైటర్ | సోమవారం ఉదయం

మాస్టారూ, అచ్చు మీరు చెప్పినట్టే ఉంది. కింద నలుపు, పైకి పల్చన. ఒక కోడుకి మాత్రం మేకు చుట్టూ కూడా నల్లమచ్చ ఉంది.

ఉలి గారూ, కుర్చీ చేతి కింద స్పిరిట్ దూది పెట్టి చూశాను. జిగురు జిగురుగా అయి దూది ఎర్రబడింది. బీరువా అంచు చూస్తే చార కిందకి దిగుతోంది, గట్టి చెక్కే. వీపు పలకలు మాత్రం వేరే చెక్కలా తేలిగ్గా ఉన్నాయి, వాటికి సన్న రంధ్రాలున్నాయి. కింద గోధుమపిండిలా పొడి రాలుతోంది.

అత్తగారి_బీరువా | సోమవారం ఉదయం

వీపుకి మామిడి చెక్క వేసేవారండీ, ఖర్చు తగ్గుతుందని. పొడి తెల్లగా, తాజాగా రాలుతోందంటే పురుగు ఇంకా లోపలే ఉంది. దాన్ని మిగతా సామాను పక్కన పెట్టకండి. టేకు చేవకి అది పెద్దగా జోలికి రాదు గానీ, టేకులో కూడా అంచున తెల్లచెక్క మిగిల్చి ఉంటే దాన్ని తింటుంది. బల్ల కాళ్ళ లోపలి మూలలు చూడండి.

తేదీ పట్టే చిట్కా ఒకటి. మన దేశంలో ఫెవికాల్ వచ్చింది 1959లో. మీ సామానులో అతుకుల దగ్గర తెల్లటి, ప్లాస్టిక్‌లాంటి జిగురు కనిపిస్తే తర్వాతెప్పుడో రిపేరు జరిగినట్టే. అసలు జిగురు అయితే ముదురు తేనె రంగులో, గోటితో నొక్కితే పెళుసుగా రాలుతుంది. తోళ్ళు ఉడకబెట్టి చేసే జిగురు అది. వేడినీళ్ళ గుడ్డ చుట్టి కాసేపు ఉంచితే మెత్తబడి అతుకు విడిపోతుంది. కాబట్టి ఊగే కుర్చీని సుత్తితో కొట్టి విప్పకండి.

మీరు అడగలేదు గానీ ముందే చెప్తున్నా. మనవాళ్ళు చెక్క నిగనిగలాడాలని కొబ్బరినూనె రాస్తారు. కోనసీమ కదా, చేతికి అదే అందుతుంది. కొబ్బరినూనె ఆరిపోయే నూనె కాదు. జిడ్డుగా అలాగే ఉండి దుమ్ము పట్టి, వానాకాలంలో బూజు పట్టి, తర్వాత వేసే పాలిష్‌ని అంటుకోనివ్వదు. ఎవరైనా ప్రేమగా డబ్బా పట్టుకొస్తే తలకి రాయించుకోండి.

కాకినాడ_కెమిస్ట్ | సోమవారం మధ్యాహ్నం

ఎనామిల్ పెయింటు అన్న దగ్గర ఆగాను. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ బీరువా రంగు అంతకు ఎంతో ముందుది. అందులో సీసం ఉందనుకునే పని చేయాలి. పొడిగా శాండర్ పెడితే ఆ ధూళి ఇంటినిండా పరుచుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

పెయింట్ రిమూవర్ పూసి, ఉబ్బాక లప్పం రేకుతో లాగండి. ఆరుబయట, గాలికి వీపు పెట్టి, గ్లవ్స్ వేసుకుని. తడిగా ఉండగానే ఊడ్చి కవర్లో మూట కట్టండి. గాలి ఆడని గదిలో కొన్ని రకాల రిమూవర్ల ఆవిరి ప్రాణాల మీదకి తెస్తుంది. మా వీధిలో కొందరు కాస్టిక్ సోడా నీళ్ళు పోస్తారు. రంగు పోతుంది, దాంతోపాటు టేకు నల్లబడి నారలు లేస్తుంది. ఆ పని చేయొద్దు.

మేకు చుట్టూ నలుపు అంటే ఇనుముకీ చెక్కలోని టానిన్‌కీ జరిగిన రసాయన చర్య. ఆగ్జాలిక్ యాసిడ్ స్ఫటికాలు గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఆ మచ్చ మీద పూస్తే చాలావరకు పోతుంది. అది విషం, అన్నం చేతితో ముట్టుకోకండి. తర్వాత మంచినీళ్ళతో బాగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కోళ్ళ కింద వరద నలుపు మొత్తం పోకపోవచ్చు.

పురుగుకి బోరాక్స్, బోరిక్ యాసిడ్ వేడినీళ్ళలో కరిగించి పూత పెట్టండి. పాలిష్ లేని చెక్క మీదే అది లోపలికి ఇంకుతుంది, వీపు పలకలకి ఎలాగూ పాలిష్ ఉండదు కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

లంక_మాస్టారు | సోమవారం సాయంత్రం

మా రోజుల్లో దూలాలకీ పడవలకీ జీడినూనె పూసేవారు. మోరి వైపు జీడిపప్పు తీసే ఊళ్ళలో దొరికేది. చెద దగ్గరికి రాదు. బీరువా వీపుకి రాయొచ్చా?

కాకినాడ_కెమిస్ట్ | సోమవారం సాయంత్రం

జీడిపిక్క పెంకు నూనె పని చేస్తుంది మాస్టారూ, కాదనను. కానీ చేతికి తగిలితే పొక్కులు లేస్తాయి, చెక్క నల్లగా మారుతుంది, బట్టలు పెట్టే బీరువాకి వాసన పడుతుంది. దూలానికి సరే, చీరల బీరువాకి వద్దు.

మండపేట_బావ | సోమవారం రాత్రి

ఇన్ని యాసిడ్లు, ఇన్ని గ్లవ్సులు. మేస్త్రీకి ఇచ్చేస్తే వారంలో తెమిలిపోయే పని. మళ్ళీ అదే అడుగుతున్నా, లక్క మీద తెల్ల రింగు పడితే ఏం చేస్తారు?

ఉలి_బాడిస | సోమవారం రాత్రి

మంచి ప్రశ్నే బావగారూ. తెల్ల రింగు అంటే పూతలో చిక్కుకున్న తడి. స్పిరిట్ చల్లిన గుడ్డని, అదీ దాదాపు ఆరిపోయినట్టున్న గుడ్డని, దాని మీద గాలికి తగిలినట్టు రెండు మూడు సార్లు లాగితే పూత కొంచెం తెరుచుకుని తడి బయటికి పోతుంది. రింగు మాయం. అదే పీయూ మీద గీత పడిందనుకోండి, అక్కడికక్కడ సర్దలేరు. ఆ పలక మొత్తం గీకి మళ్ళీ వేయాలి. ఒకటి తొందరగా పాడవుతుంది, తొందరగా బాగవుతుంది. ఇంకోటి ఆలస్యంగా పాడవుతుంది, బాగు చేయడం మాత్రం పెద్ద పని.

కాబట్టి నా లెక్క ఇది. బీరువాకీ కుర్చీలకీ లక్కే. వాటి మీద ఎవరూ చెంబులు పెట్టరు. రాత బల్ల పైపలకకి మాత్రం, రోజూ కాఫీ పెట్టుకునే మనిషి వాడతాడు కాబట్టి, వార్నిషో పీయూవో వేసుకోండి. అక్కడ బావగారిదే రైటు. కింద లక్క పూత ఉంటే అది మైనం తీసిన లక్క అయి ఉండాలి, లేకపోతే పీయూ పట్టు తప్పి పొరలుగా లేస్తుంది.

లక్క కలపడం: లీటరు స్పిరిట్‌కి సుమారు 120 గ్రాముల పెచ్చులు వేస్తే పల్చటి పూత, 240 వేస్తే చిక్కన. కొత్తవాళ్ళు పల్చటిదే పట్టుకోవాలి. రాత్రి నానబెట్టి, మధ్యమధ్యలో కదిపి, తెల్లారి పాత ధోవతి గుడ్డలో వడకట్టండి. కలిపిన లక్క నెలల తరబడి నిల్వ ఉంటే సరిగ్గా ఆరదు. గాజుముక్క మీద ఒక చుక్క వేసి చూడండి, మర్నాటికీ గోరు దిగుతుంటే పారబోయండి.

పూసేది బ్రష్‌తో కాదు. గుప్పెడు దూదిని లక్కలో తడిపి, పిండి, ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల నూలుగుడ్డలో పెట్టి మూతి బిగించండి. అడుగున ముడత ఒక్కటి కూడా ఉండకూడదు, ఆ ముడతే గీతై పడుతుంది. అరచేతి వెనక తాకిస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. అంత మాత్రమే లక్క ఉండాలి. ఇక చెక్క మీద ఎక్కడా ఆపకండి. విమానం దిగినట్టు అంచు దగ్గర దిగి, ఎనిమిది అంకె చుట్టుకుంటూ పోయి, అవతలి అంచులో లేచిపోవాలి. మధ్యలో ఆగితే మూట అంటుకుని పాత పూతని పీకేస్తుంది. పట్టేస్తున్నట్టు అనిపిస్తే మూట అడుగున ఒకే ఒక్క చుక్క నూనె. ముసురు రోజు ఈ పని పెట్టుకోకండి, పూత పాలలా తెల్లబడుతుంది. మన దగ్గర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సరైన కాలం, అదీ మంచు కరిగి ఎండెక్కాక.

అవిసెనూనె వాడేవాళ్ళకి ఒక మాట. తడిసిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తాడు మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్‌లో ముంచండి.

మండపేట_బావ | సోమవారం రాత్రి

పైపలక విషయంలో ఒప్పుకున్నారు, అది చాలు నాకు. బీరువా మీ ఇష్టం.

హైదరాబాద్_పాలకొల్లోడు | మంగళవారం ఉదయం

రైటర్ గారూ, రాత బల్ల హైదరాబాద్ పోతోందన్నారు కాబట్టి వచ్చాను. మాది కూడా అటునుంచి ఇటొచ్చిన బల్లే. చెక్క గాలిలో తడిని బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గుతుంది. పొడవునా దాదాపు కదలదు. అరవై ఏళ్ళు డెల్టా గాలికి అలవాటుపడ్డ బల్లని ఏప్రిల్‌లో తెచ్చి ఏసీ గదిలో పెడితే పైపలక వెడల్పులో తగ్గాలని చూస్తుంది. కింద చట్రానికి స్క్రూలతో బిగించి ఉంటే కదలడానికి చోటుండదు, అతుకు దగ్గర చీలుతుంది. చీలినప్పుడు రాత్రిపూట టపీమని శబ్దం కూడా వస్తుంది.

అందుకే పైపలక ఊడదీసినప్పుడే చట్రంలో స్క్రూ బెజ్జాలని అడ్డంగా కొంచెం కోలగా చేయించండి. ఇత్తడి స్క్రూలు వేసి, మరీ బిగించకుండా వదలండి. తెచ్చేది వానాకాలం చివర తెండి, రెండు ఊళ్ళ గాలికీ తేడా అప్పుడు తక్కువ. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి. చీలిక వచ్చినా కంగారుపడి లప్పం కూరకండి. వానలొచ్చాక అదే మూసుకోవాలని చూస్తుంది, మధ్యలో లప్పం ఉంటే ఇంకోచోట చీలుతుంది.

రాజోలు_రైటర్ | మంగళవారం రాత్రి

అన్నయ్యకి ఇదంతా చదివి వినిపించాను. "ఏసీ నాకా, బల్లకా?" అంటున్నాడు.

సన్‌మైకా ఎలా తీయాలో ఎవరూ చెప్పలేదు. మూల దగ్గర కొంచెం లేచి ఉంది.

ఉలి_బాడిస | మంగళవారం రాత్రి

లేచిన మూల నుంచే. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ పల్చటి, వెడల్పాటి లప్పం రేకు దూర్చండి. చార పోయే దిశలోనే తోయాలి, అడ్డంగా తోస్తే చెక్క పెచ్చులు లేస్తాయి. రబ్బరు జిగురైతే థిన్నర్ చుక్కలు లోపలికి వదిలితే ఇంకా సులువు. థిన్నర్ వాడేటప్పుడు మాత్రం డ్రయ్యర్ దగ్గర్లో ఉండకూడదు, మంట పట్టుకుంటుంది. కింద చెక్క బాగుంటుందని మాత్రం ఆశపడకండి. సన్‌మైకా పట్టడానికి ముందు ఉలితో గాట్లు పెట్టేవారు. గాట్లు లోతుగా ఉంటే చిత్రిక పట్టించాలి, అది మంచి మేస్త్రీ పని. మీ మేస్త్రీకి చిత్రిక చేతికొస్తే ఆ ఒక్క పని ఆయనకే ఇవ్వండి.

ఆ తర్వాత 120, 180, 220 గరుకు కాగితాలు వరసగా, చేత్తో. టేకు ధూళి కొందరికి పడదు, దద్దుర్లు వస్తాయి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. పలక అతుకులు మళ్ళీ జిగురు వేసి బిగించాల్సి వస్తే, ముందు ఆ అంచుల్ని అసిటోన్‌తో తుడవండి. టేకులో సహజంగా ఉండే నూనె జిగురుని పట్టనివ్వదు.

యానాం_వాసి | బుధవారం ఉదయం

డల్లాస్ కుర్చీ సంగతి మర్చిపోయినట్టున్నారు. కుర్చీలు టేకేనా? జిట్రేగి (రోజ్‌వుడ్) అయితే కథ వేరు. ఆ జాతి చెట్లు దాదాపు అన్నీ 2017 జనవరి నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై దేశాల ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. తయారైన వస్తువుల్లో ఒక పార్సిల్‌లో ఆ చెక్క 10 కిలోల దాకా ఉంటే 2019 చివర్లో సడలింపు ఇచ్చారు, కానీ చేతుల కుర్చీ ఆ బరువు దాటే అవకాశం ఉంది. టేకుకి ఆ బాధ లేదు.

రాజోలు_రైటర్ | బుధవారం మధ్యాహ్నం

ఎలా గుర్తుపట్టాలి? కుర్చీలు బల్ల కంటే నల్లగానే ఉన్నాయి.

అత్తగారి_బీరువా | బుధవారం మధ్యాహ్నం

నలుపుని నమ్మొద్దు, పాత లక్క ముదిరితే టేకూ నల్లగానే కనిపిస్తుంది. కాలి అడుగున గోటి అంత చోట గీకండి. టేకైతే లోపల తేనె రంగు, తోలులాంటి వాసన, వేలికి కాస్త జిడ్డు. జిట్రేగి లోపల కూడా ఊదా చాయలో నల్ల చారలతో ఉంటుంది. ఎత్తినప్పుడు చెయ్యి ఇట్టే చెప్తుంది, టేకు కంటే బాగా బరువు.

మీరన్న ప్లాస్టిక్ వైరు కుర్చీ గురించి కూడా. వైరు విప్పాక చట్రం చుట్టూ వరసగా చిన్న బెజ్జాలు కనిపిస్తే అది చేత్తో అల్లిన బెత్తం కుర్చీ. బెజ్జాలు లేకుండా చుట్టూ గాడి ఉంటే అల్లిన చాప తెచ్చి గాడిలో నొక్కి బిగించేది. చండీగఢ్ కోసం 50ల్లో స్విట్జర్లాండ్ ఆర్కిటెక్ట్ పియర్ జనరే గీసిన టేకు, బెత్తం కుర్చీలకి విదేశీ వేలాల్లో లక్షలు పలుకుతున్నాయని విని మా అత్తగారు మా వైరు కుర్చీని కూడా ఫోటో తీయమన్నారు. మనది మన వడ్రంగి చేసింది అత్తయ్యా అంటే నమ్మరు.

రాజోలు_రైటర్ | గురువారం ఉదయం

గీకి చూశాను. తేనె రంగే, టేకే. వైరు విప్పాను, బెజ్జాలున్నాయి. కొన్నింట్లో పాత బెత్తం ముక్కలు, వాటిని బిగించిన చిన్న చెక్క చీలలు ఇంకా ఉన్నాయి. బెత్తం ఏ సైజు అడగాలి? ఇక్కడ అల్లేవాళ్ళు ఎవరూ కనిపించడం లేదు, నేనే అల్లుదామనుకుంటున్నా.

అత్తగారి_బీరువా | గురువారం ఉదయం

ఆ చీలల్ని కింద నుంచి పైకి తట్టి తీయండి, పైనుంచి బరమా పెడితే బెజ్జం పెద్దదవుతుంది. సైజు కొలతలతో కాదు, బెజ్జంలో మిగిలిన పాత ముక్కని పట్టుకెళ్ళి దానికి సరిపోయింది అడగండి. బాగున్న రెండో కుర్చీని ఎదురుగా పెట్టుకుని దాని వరసలే చూసి అల్లండి. నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, తర్వాత రెండు ఐమూలలు. అల్లేముందు బెత్తాన్ని నీళ్ళలో నాననివ్వాలి, లేకపోతే వంచిన చోట విరుగుతుంది. నానింది కాబట్టి కాస్త వదులుగా అనిపించినా కంగారుపడకండి, ఆరాక అదే బిగుసుకుంటుంది. మెరిసే వైపు పైకి ఉండాలి, ఐమూలలు తిప్పేటప్పుడు తిరగబడుతుంటుంది, చూసుకోండి. ఆ రెండో కుర్చీ అడుగున తడిగుడ్డ పెట్టి రాత్రంతా వదిలేయండి, జారిన బెత్తం తెగకపోతే చాలావరకు మళ్ళీ పైకి లాక్కుంటుంది.

మండపేట_బావ | గురువారం రాత్రి

పడక కుర్చీ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. దానికి గుడ్డ కుట్టించేటప్పుడు కర్ర దూరే గొట్టాల దగ్గర రెండు మడతలు వేయించండి. ఒక్క మడత వేస్తే మా మావయ్యలాంటివాళ్ళు కూర్చోగానే నేల మీదుంటారు.